గెల దిగే ఊరు, గాలి రాని దేశం

శుక్రవారం, నవంబరు 14, 2025

గౌతమి ఎక్స్‌ప్రెస్ కొవ్వూరు దాటి వంతెన ఎక్కేసరికి ఇంకా తెల్లారలేదు. ఎదురు బెర్తు పెద్దావిడ రూపాయి బిళ్ల చేత్తో పట్టుకుని ఎప్పట్నుంచి కూచుందో, చక్రాల చప్పుడు మారగానే కిటికీలోంచి విసిరి దణ్ణం పెట్టుకుంది. స్లీపర్‌లో రావడం మంచిదైంది. ఏసీ పెట్టెలో అయితే గోదారికి రూపాయి వేసే దారే ఉండదు.

హైదరాబాదులో ఎగుమతి దిగుమతుల కాగితాలు రాసే చిన్న ఆఫీసులో పని నాది. కస్టమ్స్ పుస్తకంలో ప్రతి సరుకుకీ ఒక నంబరు ఉంటుంది. 0803 అరటి, 0808 యాపిల్, 0306 రొయ్య. పదిహేనేళ్లుగా ఈ నంబర్లే నాకు అన్నం పెడుతున్నాయి. గోదావరి జిల్లాల నుంచి రొయ్య కాగితాలు లెక్కలేనన్ని వచ్చాయి, కొబ్బరివీ వచ్చాయి. అరటి నంబరు వేసిన కాగితం మాత్రం ఒక్కటీ నా బల్ల మీదికి రాలేదు. మా అమ్మ పుట్టిల్లేమో రావులపాలెం పక్కన గోదారి లంక. చుట్టూ అరటి తోటలే.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు మావయ్యకి ఫోన్ చేస్తే "ఆయ్, పడిపోయింది రా" అన్నాడు, అంతే. ఆ తర్వాత మాట మార్చేసి మా అబ్బాయి చదువు గురించి అడిగాడు. అమ్మకి అప్పట్నుంచి మనసు మనసులో లేదు. "వెళ్లి చూసి రా. ఎలాగూ కార్తీక సోమవారం కలిసొస్తుంది, కోటిపల్లి రేవులో నా పేరున కూడా ఓ దీపం వదులు" అంది.

రాజమండ్రి స్టేషన్ బయట పళ్ల బండి. యాపిళ్లని గుడ్డతో తుడిచి గోపురంలా పేరుస్తున్నాడు. "వాషింగ్టన్ అండి, తియ్యగా ఉంటాయి" అన్నాడు. ఒకటి తీసి స్టిక్కరు చూశాను. చిన్నక్షరాల్లో న్యూజిలాండ్ అని ఉంది. నాకు నవ్వొచ్చింది. మన బజార్లో ఎర్రగా మెరిసే ప్రతి యాపిలూ వాషింగ్టనే. అమెరికా నుంచి వచ్చే నిజం వాషింగ్టన్ యాపిల్ మాత్రం నాలుగేళ్లు మన మీద అలిగింది. 2018లో అమెరికా ఉక్కు మీద 25 శాతం, అల్యూమినియం మీద 10 శాతం సుంకం వేసింది. మనవాళ్లు ఏడాది ఓపిక పట్టి 2019 జూన్‌లో బాదం, అక్రోటు, పప్పులు, యాపిల్ కలిపి 28 రకాల అమెరికా సరుకుల మీద ఎదురు సుంకం వేశారు. యాపిల్ మీద అప్పటికే 50 శాతం ఉంది, అది 70 అయింది. ఉక్కుకీ యాపిల్‌కీ ఏం చుట్టరికం? అత్త మీద కోపం దుత్త మీద చూపడమే. ఆ ఖాళీలోకి ఇరాన్, టర్కీ, ఇటలీ కాయలు వచ్చి కూచున్నాయి. 2023లో రెండు ప్రభుత్వాలూ రాజీకొచ్చి ఆ సెప్టెంబరులో అదనపు 20 శాతం తీసేశారు. ఈ ఏడాది మే నెలలో టర్కీ కాయని కొన్నిచోట్ల మన వ్యాపారులే వద్దన్నారు. యాపిల్ చెట్టుకి ఇవేవీ తెలియవు పాపం.

నాలుగు కాయలు కొన్నాను. మావయ్యకి యాపిల్ అంటే ప్రాణం. ఇంటి చుట్టూ అరటి తోట పెట్టుకుని యాపిల్ కోసం చూసే మనిషి ఆయన.

బస్సు ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా వెళ్లింది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట ఇక్కడే ఉండేది. దీని కిందే గోదారి రెండుగా చీలుతుంది. అటు గౌతమి, ఇటు వశిష్ఠ. మధ్యలో కోనసీమ. ఆత్రేయపురంలో దిగి పూతరేకులు కొనడం తప్ప ఈ పూట రాయదగ్గ పనేం చెయ్యలేదు.

మావయ్య సన్నబడ్డాడు. యాపిల్ చేతిలో పెడితే వాసన చూసి, "రేపు పొద్దున్నే లేస్తావా? యార్డుకెళ్దాం. తోట తర్వాత చూద్దువు గానీ" అన్నాడు.

శనివారం, నవంబరు 15

రావులపాలెం అరటి మార్కెట్టు తెల్లవారుజామునే చూడాలి. మంచులోంచి సైకిళ్లు వస్తుంటాయి. సైకిలు కనపడదు, తొక్కే మనిషీ కనపడడు. రెండు వైపులా వేలాడే గెలలు, కింద తిరిగే చక్రాలు, చక్రాల మధ్య రెండు కాళ్లు. అంతే. కొందరు తొక్కరు, హేండిల్ పట్టుకుని నడిపించుకొస్తారు. ఇప్పుడు ట్రాలీ ఆటోలు, ట్రాక్టర్లు ఎక్కువైనా సైకిలు ఇంకా పోలేదు.

గెలని దించే పద్ధతి చూడ్డానికి అరగంట నిలబడ్డాను. కూలీ ఒకాయన గెల కాడని ఎడం చేత్తో పట్టి, కింది అత్తం (కాయల వరుస) నేలకి తగలకుండా మోకాలి మీద ఆనించి, ఎండుటాకు పరుపు మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెడతాడు. కాయకి కాయ రాసుకుంటే మర్నాటికి అక్కడ నల్ల చార పడుతుంది. నల్ల చార పడ్డ గెలకి ధర లేదు. కోసిన కాడ నుంచి పసరు బొట్టు బొట్టుగా కారుతూనే ఉంటుంది. చూస్తూ చూస్తూ నేను దగ్గరికి జరిగాను, నా తెల్ల చొక్కా జేబు మీద రెండు చుక్కలు పడ్డాయి. "ఇంక అది యార్డు చొక్కాయే అండి, పోదు" అన్నాడాయన. అప్పటికి నీళ్ల మరకలా ఉన్నవి మధ్యాహ్నానికి కాఫీ రంగుకి తిరిగాయి.

కర్పూరం, చక్రకేళి, అమృతపాణి, కూరకి బొంత. తుపాను తర్వాత వచ్చే గెలల్లో సగం లేతవి. పక్వానికి రాకముందే చెట్టు విరిగితే కోసి తేవడమే గానీ, అవి పండవు, కూరకీ అందరూ కొనరు. మావయ్య అలాంటి కుప్ప పక్కన ఆగి ఒక కాయని గోటితో గీరి చూసి ఏం మాట్లాడకుండా ముందుకి నడిచాడు.

కమీషన్ కొట్టు దగ్గర టీ తాగుతుంటే ఓ వ్యాపారి ఫోను పైకెత్తి అరిచాడు. "అమెరికావోడు అరటికి పన్ను తీసేశాడంట్రోయ్!" నిజమే. అమెరికా అధ్యక్షుడు నిన్ననే ఉత్తర్వు ఇచ్చాడు. అక్కడ కిరాణా ధరలు మండిపోతున్నాయని గొడవ. అందుకని అరటి, కాఫీ, టీ, టమాటా, నారింజ, గొడ్డుమాంసం వగైరాలకి ఈ ఏడాది వేసిన కొత్త సుంకం నుంచి మినహాయింపు. యార్డంతా ఒకటే నవ్వు. "ఇంకేం, లారీ తిప్పండి, న్యూయార్క్‌కి లోడెత్తుదాం!" అని ఒకడు. మన గెల మహా అయితే ఒడిశాకో, తమిళనాడుకో వెళ్తుంది. కర్పూరం తొక్క పల్చన, ఓడ ఎక్కే కాయ కాదు. ఓడ ఎక్కేది రాయలసీమలో వేసే జి-9 రకం. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబయి రేవుకి అరటి కోసం ప్రత్యేకంగా రైలే వేశారు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ అరటి పండించేది మన దేశం. దాదాపు అంతా మనమే తినేస్తాం.

"అరటికి కూడా దేశాల మధ్య తగాదాలుంటాయేటి?" అన్నాడు మావయ్య. నేను ఈ ప్రశ్న కోసమే పదిహేనేళ్లుగా కాచుకుని ఉన్నట్టు రెండో టీ చెప్పి మొదలుపెట్టాను.

ప్రపంచ వాణిజ్య సంస్థలో బాగా సాగిన కేసుల్లో ఒకటి అరటిపండు కేసు. యూరప్ దేశాలు కొన్ని తమ పాత వలసల నుంచి వచ్చే అరటికి దారి ఇచ్చేవి. ఇంగ్లండు అయితే కరీబియన్ సముద్రంలో సెయింట్ లూసియా, డొమినికా లాంటి చిట్టి దీవుల నుంచి తెచ్చుకునేది. అక్కడ కొండ వాలు మీద ఎకరం, రెండెకరాల రైతులు. అటు దక్షిణ, మధ్య అమెరికా దేశాల్లో వేల ఎకరాల తోటలు, పెద్ద కంపెనీలు, చవక కాయ. జర్మనీ మాత్రం 1957లో రోమ్ ఒప్పందం నాడే పట్టుబట్టి ఆ చవక కాయకి సుంకం లేకుండా రాయించుకుంది. 1993 జూలై 1న యూరప్ అంతటికీ ఒకే అరటి పద్ధతి పెట్టారు. పాత వలస దేశాలకి ఇంత కోటా, మిగతావాళ్లకి ఇంత కోటా, దాటితే సుంకం మోత. తగాదా అక్కణ్ణుంచి మొదలు.

"కేసేసింది ఎవరు? పండించేవోళ్లా?"

"పండించేవాళ్లు నలుగురు. ఈక్వెడార్, గ్వాటెమాల, హోండురస్, మెక్సికో. వాళ్లతో పాటు అమెరికా."

"అమెరికాలో అరటి పండుద్దా?"

"హవాయి దీవుల్లో కొంచెం. వాళ్లకే చాలదు."

మావయ్య గ్లాసు కింద పెట్టాడు. "అంటే పండించేవోడు ఒకడు, తినేవోడు ఒకడు, కోర్టుకెళ్లినోడు ఇంకోడా?"

అరటి వ్యాపారం చేసే కంపెనీ అమెరికాది కదా మావయ్యా అని చెప్పాను. చికీటా అనే కంపెనీ 1994లో తమ ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంటే, కథ అక్కణ్ణుంచి జెనీవాలోని వాణిజ్య సంస్థకి చేరింది. 1997లో యూరప్ ఓడిపోయింది. ఓడినా పద్ధతి సరిగ్గా మార్చలేదని 1999లో అమెరికా ఎదురు సుంకాలు వేసింది. ఏడాదికి 19 కోట్ల 14 లక్షల డాలర్ల మేరకు వేసుకోవచ్చని వాణిజ్య సంస్థే అనుమతి ఇచ్చింది. వేసింది దేని మీదనుకున్నారు? హ్యాండ్‌బ్యాగులు, దుప్పట్లు, స్నానానికి వాడే సామాన్లు. నూటికి నూరు శాతం. అరటిపండు మొహం ఎన్నడూ చూడని దుప్పట్ల ఫ్యాక్టరీవాడు యూరప్‌లో ఎక్కడో దెబ్బ తిన్నాడు.

కమీషన్ వ్యాపారి పద్దు పుస్తకం మూసి మరీ వింటున్నాడు. "మరి తేలిందా అండి?" అన్నాడు. తేలింది, 2009 డిసెంబరు 15న. అప్పటికి టన్నుకి 176 యూరోలున్న సుంకాన్ని వెంటనే 148కి దింపి, మెల్లమెల్లగా 114కి తెస్తామని యూరప్ ఒప్పుకుంది. ఆఖరి సంతకాలు 2012లో. మొత్తం లెక్కేస్తే దగ్గర దగ్గర ఇరవై ఏళ్లు.

ఆయన యార్డు వైపు చెయ్యి చూపించాడు. "ఇయ్యి ఇరవై గంటలు ఆగవండి."

మరి ఆ చిట్టి దీవుల వాళ్లేమయ్యారు అని మావయ్య అడిగాడు. కోటాల నీడ పోగానే వేల మంది అరటి మానేశారు. దానికి తోడు వాళ్లదీ తుపాను దారే. 1979లో డేవిడ్ అనే హరికేన్ డొమినికాలో అరటిని నేలమట్టం చేసింది, మరుసటేడు ఇంకోటి సెయింట్ లూసియాని పట్టుకుంది. ఆ మాట అన్నాక అనకుండా ఉండాల్సింది అనుకున్నాను. మావయ్య చాలాసేపు సైకిళ్లనే చూస్తూ కూచున్నాడు.

ఆదివారం, నవంబరు 16

పొద్దున్నే తోటకి వెళ్లాం. వరదొస్తే మునిగే లంక భూమి. అందుకే అంత సారం. వెదురు ఊతాలు పెట్టిన చెట్లు ఊతాలతో సహా ఒకే వైపుకి ఒరిగి ఉన్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. అరటి చెట్టు అంటాం గానీ దానికి కర్ర లేదు. దొప్ప మీద దొప్ప, లోపలంతా నీళ్లు. గెల వేసినాక తల బరువు. గాలికి మధ్యలో విరిగితే ఇంక చెయ్యగలిగేదేమీ లేదు. ఒక చెట్టుకి ఒకటే గెల, దాని కోసం ఏడాది చాకిరీ. మావయ్య ఒక మొదలు దగ్గర కూచుని చేత్తో మట్టి తీశాడు. కత్తి మొనలా ఆకుపచ్చ పిలక. "ఇది నిలబడుద్దిలే" అన్నాడు. కౌలు డబ్బులు ఎలా అని నేను అడగలేదు. పాడైన పంట లెక్క రాసుకెళ్లారట, చూడాలి అన్నాడు.

మధ్యాహ్నం బావ మోటారు సైకిలు మీద భీమవరం వైపు తీసుకెళ్లాడు. సిద్ధాంతం వంతెన దాటి, పెనుగొండ, మార్టేరు మీదుగా. బావ ఆరేళ్ల కిందటే అరటి వదిలేసి వెనామీ రొయ్యల చెరువుల్లో దిగాడు. దారి పొడవునా వరిచేల మధ్య అద్దాల్లా చెరువులు, నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతున్న నురగ.

చెరువు గట్టు మీద కొలత వల విసిరి నాలుగు రొయ్యలు తీసి అరచేతిలో పెట్టాడు. గాజులా ఉన్నాయి, లోపల పేగు నల్ల దారంలా కనపడుతోంది. ఇక్కడ ధర అంతా కౌంటు మీద. కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు. పెద్ద రొయ్యకి కౌంటు తక్కువ, ధర ఎక్కువ. మన రొయ్యకి పెద్ద గిరాకీ అమెరికాలోనే. అక్కడే ఆగస్టు 7న 25 శాతం, ఆగస్టు 27న ఇంకో 25 శాతం వేశారు. మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే పాత యాంటీ డంపింగ్ సుంకాలు ఎలాగూ ఉన్నాయి. నిన్న యార్డులో విన్న ఆ మినహాయింపు జాబితా నేను రాత్రి కూచుని చదివాను. అందులో రొయ్య లేదు.

"మనం పంపని అరటికి మాఫీ. మనం పంపే రొయ్యకి మోత" అన్నాడు బావ. "టెన్షన్ దేనికంటే, సుంకం అని ఇక్కడ ఎవడూ నాకు చీటీ ఇవ్వడు. అమెరికావోడు కంపెనీకి తగ్గిస్తాడు, కంపెనీ ఏజెంటుకి తగ్గిస్తాడు, ఏజెంటు నా గట్టు మీదికొచ్చి 'మార్కెట్ బాలేదు అండి' అంటాడు. మేత వాడు మాత్రం ఒక్క రూపాయి తగ్గించడు."

"మరి అక్కడివాళ్లు రొయ్యలు తినడం మానేశారా?"

"ఎందుకు మానేస్తారు? ఈక్వెడార్‌వోడు పంపుతున్నాడు. ఆడికి పదిహేనే."

నేను ఉలిక్కిపడ్డాను. నిన్నంతా యార్డులో నేను చెప్పిన కథలో అరటి మొనగాడు ఈక్వెడార్. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ అరటి ఎగుమతి చేసే దేశం అదే. రొయ్యల ఎగుమతిలోనూ ఇప్పుడు మొదటి స్థానం వాళ్లదే. మొన్న 13న అమెరికా కొన్ని లాటిన్ అమెరికా దేశాలతో కొత్త వాణిజ్య ఒప్పందాలకి చట్రం కుదిరిందని ప్రకటించింది. వాటిలో ఈక్వెడార్, గ్వాటెమాల రెండూ ఉన్నాయి. జెనీవాలో అమెరికా పక్కన నిలబడ్డ పాత దోస్తులే. మావయ్య వదలని పంట, బావ పట్టుకున్న పంట, రెండింటికీ అవతలి గట్టున ఒకడే నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్లు 0803నీ 0306నీ వేరువేరు ఫైళ్లలో పెట్టుకున్నవాణ్ణి, రెండూ ఒకే చోట కలుస్తాయని చెరువు గట్టు మీద రొయ్య పట్టుకుని తెలుసుకున్నాను.

రొయ్య నా చేతిలోంచి ఎగిరి నీళ్లలో పడింది. రాత్రి కూరలో రొయ్యలు లేవు. కార్తీకం కదా, అత్తయ్య బొంత అరటికాయ ఆవ పెట్టి వండింది.

సోమవారం, నవంబరు 17

మూడింటికే లేపారు. జొన్నాడ వంతెన దాటి, ఆలమూరు, కపిలేశ్వరపురం మీదుగా కోటిపల్లి. సోమేశ్వరుడి గుడి ముందు జనం అప్పటికే రోడ్డు దాకా ఉన్నారు. బండి ఎక్కడో పెట్టి కిలోమీటరు నడిచాం. చలి. రేవులో అటు ముక్తేశ్వరం పోయే పంటు పడవ లైట్లు.

దీపాల దొప్పలు అమ్మే ఆవిడ దగ్గర ఆగితే మావయ్య వద్దన్నాడు. చేతిసంచిలోంచి అరటి దొప్పలు తీశాడు. పడిపోయిన తోటలోంచి నిన్న సాయంత్రం చీల్చి తెచ్చినవి. జానెడు ముక్కలు, రెండు చివర్లా కొబ్బరి ఈనె గుచ్చి పడవలా వంచాడు. లోపలి వైపు తెల్లగా, చిన్న చిన్న గదులు గదులుగా ఉంది. ఆ గదుల్లో గాలి ఉండబట్టే అది మునగదు. ఆవునేతి వత్తి, నాలుగు పువ్వులు. నా చొక్కా జేబు మీది మరకల పక్కన ఇంకో మరక పడింది.

మోకాలి లోతు నీళ్లలో నిలబడి వదిలాం. మావయ్యది ఒకటి, బావది ఒకటి, నాది, అమ్మ పేరున ఒకటి. అమ్మ దీపం రెండు గజాలు పోయి వెనక్కి తిరిగొచ్చింది. మావయ్య నీళ్లని చేత్తో మెల్లగా తోసి మళ్లీ పంపాడు.

"ఈక్వెడార్ అంటే ఎటు పక్కరా?" అన్నాడు.

"భూమధ్యరేఖ మీద మావయ్యా. దేశం పేరే ఆ రేఖది."

"ఆళ్లకీ తుపాన్లు వస్తాయా?"

వరదలొస్తాయి, కొన్నేళ్లు వానలు ముంచేస్తాయి. తుపాను మాత్రం రాదు. భూమధ్యరేఖ దగ్గర గాలి సుడి తిరగలేదు అని చెప్పాను.

"గాలే రాదా?"

"మనకొచ్చే గాలి రాదు."

మావయ్య ఏమీ అనలేదు. దీపాల వైపే చూస్తున్నాడు. ప్రవాహంలో పడ్డాక అన్ని దొప్పలూ ఒకేలా ఉన్నాయి, మనవేవో తెలియడం లేదు. ఒడ్డుకొచ్చి తల తుడుచుకుంటూ బావతో అన్నాడు, "ఆ పిలకలకి ఎల్లుండి మట్టి ఎగదోయాలి. నువ్వొస్తావా, కూలీని మాట్లాడనా?"